అప్పడమంత మచ్చ

ఇంకా యాభై నాలుగు నిమిషాలు అంటోంది ఫోను. లండన్ నుంచి మెక్సికో సిటీకి పన్నెండు సీట్లు, ఫిబ్రవరి హాఫ్ టర్మ్ సెలవుల్లో ఐదు రాత్రులు, రానూ పోనూ. గంటసేపు వాటిని ఇంకెవరికీ ఇవ్వకుండా అట్టేపెడతాం, ఈలోగా పేర్లు నింపి ఖాయం చేసుకోండి అని విమానాల వాళ్ళ పేజీ మర్యాదగా చెప్పింది, చెప్పి అంకెలు వెనక్కి తిప్పడం మొదలుపెట్టింది. హైమ ఆ అంకెల్ని చూస్తూ కమ్యూనిటీ సెంటర్ కార్ పార్కులో కూర్చుంది. లోపల తెలుగు బడి. శనివారం పదిన్నర నుంచి పదకొండున్నర దాకా సిరి అక్కడ గుణింతాలు పాడి వస్తుంది, వచ్చాక ఇంగ్లీషులో ఆకలి అంటుంది. బయట తుంపర, పడుతున్నట్టూ లేదు, ఆగినట్టూ లేదు. కారు వెనక డిక్కీలో నీలం రంగు సూట్‌కేసు. పావుతక్కువ పన్నెండుకి కౌన్సిల్ టిప్‌లో, అంటే ఊరి చెత్త డిపోలో, స్లాట్ తీసుకుంది, దాన్ని అక్కడ పారేసి రావాలి. మంచి సూట్‌కేసేగా, చక్రాలు బానే తిరుగుతున్నాయిగా అన్నాడు చక్రి పొద్దున, మెక్సికోకి దాన్నే తీసుకెళ్దాం అని అటక మీద నుంచి అతనే దింపాడు. జిప్ పాడైంది అంది హైమ. జిప్‌కి ఏమీ కాలేదు. పెళ్ళయిన పన్నెండేళ్ళలో భర్తకి చెప్పిన అబద్ధాలు ఏరితే వాటిలో సగం ఈ సూట్‌కేసు చుట్టూనే ఉంటాయి, తాళం పోయిందనీ, అడుగున పాత దుప్పట్లున్నాయనీ, ముట్టుకోవద్దనీ. ఇక అబద్ధాలాడే ఓపిక లేక టిప్ దాకా వచ్చింది. వస్తూ ఉంటే, తొమ్మిదో రౌండబౌటో పదో రౌండబౌటో, వెనక సీట్లోంచి సిరి అడిగింది, "మమ్, ఈజ్ ఫైరింజన్ ఆంటీ కమింగ్ టు మెక్సికో?" అని. ఆ పేరుతో పిలవకు అనాలి. అనలేదు. "నోట్‌బుక్ పెట్టుకున్నావా" అంది.

మెక్సికో సిటీ గురించి హైమకి ఇప్పుడు ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళకి తెలిసినంత తెలుసు. నెల రోజులుగా ట్యూబు లైటు కింద కంప్యూటర్ తెరిచి అదే పని. ఆ ఊరు సముద్రానికి రెండు వేల మీటర్ల పైన ఉందట, కొత్తవాళ్ళకి మొదటిరోజు మెట్లెక్కితే ఆయాసం వస్తుందట, చెరువు పూడ్చి కట్టిన ఊరు కాబట్టి పాత చర్చీలు కొద్దికొద్దిగా కుంగుతూ ఒక పక్కకి ఒరిగి ఉంటాయట. తిండి మనకి దగ్గరగానే ఉంటుందని, ఈ ప్రయాణం కూడగట్టిన స్నేహితురాలు కిరణ్మయి చెబుతోంది. వాళ్ళూ మనలాగే ఎండుమిరపకాయలు వేయిస్తారు, చింతపండు చప్పరిస్తారు, బెంగుళూరు వంకాయ వండుతారు, నాగజెముడు ఆకుని ముళ్ళు గీకి కూర చేస్తారు, ఇక మనకి ఏం లోటే అంటుంది. కిరణ్మయి ఏది చెప్పినా గట్టిగా చెబుతుంది, చెప్పాక అది అందరి మాటా అయిపోతుంది. అంత ఎత్తులో నీళ్ళు తొందరగా మరుగుతాయి గానీ అన్నం తొందరగా ఉడకదని ఎక్కడో చదివింది హైమ, చదివి నవ్వుకుంది, నవ్వుకుని వెంటనే పేజీ మూసేసింది. అన్నం అనే మాట ఈ ప్రయాణంలో ఎటునుంచి వచ్చినా చివరికి పోర్చుగల్‌కే పోతుంది. ఎక్కువ ఆలోచించకుండా ఉంటే బావుండును. ఆలోచించకుండా ఉండటానికే కదా నెల రోజులుగా కుంగిపోయే చర్చీల గురించి చదువుతోంది.

నాలుగు కుటుంబాలు, పన్నెండు మంది. రెండేళ్ళ క్రితం పోర్చుగల్ వెళ్ళినప్పుడు పదమూడు మంది. పదమూడో మనిషి విమల ఆంటీ. ఈసారి గ్రూపు కట్టేటప్పుడు కిరణ్మయి ఫోన్లో పెద్దగా నవ్వి, "ఆంటీని పిలవాలంటావా హైమా? పిలిస్తే మళ్ళీ తువ్వాళ్ళు కట్టుకుని రోడ్డు మీద నిలబడాలి" అంది, అని ఆ మాటే గ్రూపులో కూడా రాసింది. దాని కింద అందరికంటే ముందు నవ్వే బొమ్మ పెట్టింది హైమ. ఒకటి కాదు, మూడు. ఎందుకు మూడు పెట్టిందో ఇప్పటికీ తెలియదు; ఒకటి పెడితే ఎవరికైనా అనుమానం వస్తుందనేమో. అక్కడితో ఆగినా బావుండేది. ఆంటీది ఇండియన్ పాస్‌పోర్టు కదా, మెక్సికోకి వీసా అదీ ఇదీ, పాపం ఈ వయసులో ఎందుకు తిప్పడం అని పైగా తనే రాసింది. ఇక్కడ శాశ్వతంగా ఉండటానికి అనుమతి ఉన్నవాళ్ళకి ఆ దేశం వీసా అడగదని అంతకు వారం ముందే చదివింది, చదివి ఎవరికీ చెప్పలేదు. అదొక్కటి తల్చుకుంటే చాలు, చెవులు వేడెక్కుతాయి. మిగతా వాటికి భయం అని పేరు పెట్టుకోవచ్చు, దీనికి ఏ పేరూ దొరకదు.

విమల ఆంటీకి అరవై దగ్గర పడుతున్నాయి. తెనాలి మనిషి. భర్త సదాశివం గారు పోయి ఆరేళ్ళు. వారమంతా ఒక స్కూలు వంటింట్లో పని, శనివారం మధ్యాహ్నం ఒక వృద్ధుల హోమ్‌లో ఇంకో వంటింటి పని, ఆ రెంటి మధ్య ఖాళీలో తెలుగు బడికి వచ్చి పిల్లలకి పాలు కాచి ఇవ్వడం, ముక్కులు తుడవడం. కారు నడపదు. మిల్టన్ కీన్స్‌లో కారు నడపని మనిషి బతకడం ఒక విద్య, ఏ బస్సు ఏ నిమిషానికి వస్తుందో ఆవిడకి కంఠతా వచ్చు. ఇదివరకు ప్రతి శనివారం హైమే దింపేది. సిరి బడి అయ్యాక ముగ్గురూ కలిసి వెళ్ళేవాళ్ళు, ఆంటీ ముందు సీట్లో సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, తెనాలి స్టేషన్ దగ్గర బజ్జీల బండి కోటయ్య సంగతులు చెప్పేది. పోర్చుగల్ నుంచి వచ్చాక హైమకి శనివారాల్లో ఏదో ఒక పని తగలడం మొదలైంది. ఒకసారి షాపింగు, ఒకసారి పళ్ళ డాక్టరు, ఇవాళ టిప్. ఆంటీ ఎప్పుడూ ఎందుకని అడగలేదు. బస్సు ఎక్కి వెళ్ళిపోయేది.

అసలు ఆ ప్రయాణంలో నోరు పారేసుకున్నది హైమే. మొదటిరోజు హోటల్ గదిలో ఆంటీ సంచిలోంచి చిన్న రైస్ కుక్కర్ తీసి, ఆవకాయ సీసా తీసి, పిల్లలందర్నీ చుట్టూ కూర్చోబెట్టుకుని ముద్దలు కలిపి పెడుతుంటే, తలుపు దగ్గర నిలబడి, "ఎక్కడికెళ్ళినా మనకి అన్నమేనా? ఆ ఊరి తిండి తినకపోతే ఆ ఊరు చూసినట్టు ఎట్లా అవుతుంది?" అంది. అందరూ వినాలనే అంది. తన ప్రాజెక్ట్ మేనేజర్ ఉద్యోగం, తన చిన్న జుట్టు, తను చదివిన ట్రావెల్ బ్లాగులు అన్నీ ఆ మాటలో ఉన్నాయి. ఆంటీ నవ్వి, "నిజమేనమ్మా, నాకే అలవాటు చావదు" అని ఇంకో ముద్ద కలిపింది. అలా అన్న హైమ సూట్‌కేసులో, బట్టల అడుగున, ఇల్ఫర్డ్‌లో గిన్నెల కొట్లో కొన్న అరచేతంత కరెంటు స్టవ్ ఉంది. ప్రయాణానికి మూడు రోజుల ముందు ఆఫీసు పని మీద లండన్ వెళ్ళి, పనిగట్టుకుని మనవాళ్ళ కొట్లుండే ఇల్ఫర్డ్ దాకా పోయి, ఎవరైనా తెలిసినవాళ్ళు కనిపిస్తారేమో అని అటూ ఇటూ చూసుకుని కొన్నది. చిన్న మూకుడు, పోపు సామాను పొట్లం, పులిహోర గుజ్జు సీసా, అన్నీ అందులోనే. ఊరికే, అవసరం పడితే ఉంటుందని. అందరిముందూ ఆ ఊరి రొట్టెలూ ఆ ఊరి చేపలూ మెచ్చుకుంటూ తింది, ఫోటోలు పెట్టింది. మూడో రోజు తెల్లారేసరికి కడుపు అన్నం కోసం గోల పెట్టింది, అది ఆకలి కూడా కాదు, ఏడుపు లాంటిది. చక్రి సిరిని తీసుకుని బ్రేక్‌ఫాస్ట్‌కి దిగగానే తలుపు గడియ వేసింది. సూపర్ మార్కెట్‌లో కొన్న అన్నం పాకెట్టు చింపింది. నూనె కాగింది, ఆవాలు చిటపటలాడాయి, ఇంగువ వేసింది, ఆ వాసనకి కళ్ళు మూసుకుంది. కళ్ళు మూసుకున్న ఆ కాసేపట్లో ఎండుమిర్చి మాడింది.

ఫోనులో నలభై ఒక్క నిమిషాలు. కిరణ్మయి మెసేజి పెట్టింది, నింపావా, సిరి పాస్‌పోర్టు నంబరు ఒకసారి సరిచూసుకో అని. చూస్తున్నా అని రాసింది హైమ. ఏమీ చూడటం లేదు. అద్దం మీద తుంపర జారుతోంది, దాని వెనక నుంచి కమ్యూనిటీ సెంటర్ తలుపు వంకరగా కనిపిస్తోంది, లోపల్నుంచి పిల్లలు ఒక్కసారిగా ఏదో అరిచారు. ఆ రోజు పొగకి మోగిన హోటల్ గంట మోత ఎంత పెద్దదంటే మొదట అది తన తలలోనే మోగుతోంది అనుకుంది. స్టవ్ తీగ పీకేసింది, కిటికీ తెరిచింది, అది నాలుగు వేళ్ళ కంటే ఎక్కువ తెరుచుకోలేదు. మూకుడు బాత్రూమ్‌లో నీళ్ళకింద పెట్టింది, ఇంకా ఎర్రగానే ఉన్న స్టవ్‌ని తువ్వాల్లో చుట్టి సూట్‌కేసులో కుక్కి జిప్ లాగింది. గుడ్డ కాలుతున్న వాసన వచ్చింది, మళ్ళీ తెరిచి తువ్వాలు మీద నీళ్ళు పోసి మళ్ళీ మూసింది. అందరితో పాటు మెట్లు దిగింది. రోడ్డు మీద ఆ హోటల్ మొత్తం నిలబడి ఉంది: గడ్డానికి నురగతో ఒకాయన, తల తడి ఆరని ముసలి భార్యాభర్తలు, ఒక తువ్వాల్లో ఇద్దరు పిల్లలు, పసిబిడ్డని రొమ్ముకి అదుముకుని వణుకుతున్న ఒక తల్లి. ఆ తల్లిని చూసినప్పుడే చెప్పేయాల్సింది. ఫైరింజను వచ్చింది. మేనేజరు వచ్చి, ఇండియన్ కుటుంబాల వైపు వచ్చి, గదిలో ఎవరు వండారు అని అడిగాడు. గదులు సర్దేవాళ్ళు కుక్కర్ సంగతి ముందే చెప్పి ఉంటారు. ఎవరూ ఏమీ అనకముందే పన్నెండు జతల కళ్ళు విమల ఆంటీ వైపు తిరిగాయి.

ఆంటీ హైమ పక్కనే నిలబడి ఉంది. తనకేం తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపబోయింది కూడా. అంతలో ఆగి, ఒకసారి గట్టిగా గాలి పీల్చి, హైమ చున్నీ వంక చూసింది. మొహం వంక చూడలేదు, చున్నీ వంకే చూసింది. తర్వాత ఒక అడుగు ముందుకేసి, తనకి వచ్చిన ఇంగ్లీషులో, "సారీ సర్. మై మిస్టేక్" అంది. హైమ నోరు తెరుచుకుంది. ఆ తెరుచుకున్న నోట్లోంచి మాట వచ్చి ఉంటే ఈ రెండేళ్ళూ ఇంకోలా ఉండేవి. రాలేదు. నోరు మూసుకుంది. మేనేజరు ఆంటీని ఎంతసేపు మందలించాడో, ఆవిడ ఎన్నిసార్లు సారీ అందో, కుక్కర్‌కి చీటీ కట్టి రిసెప్షన్‌లో ఎలా పెట్టారో, ఖాళీ చేసే రోజున ఆవిడ లైన్లో నిలబడి దాన్ని ఎలా తీసుకుందో అన్నీ చూసింది. గంట మోగిన ఆ పొద్దున్నే మినీబస్సులో కోట చూడటానికి బయల్దేరారు. చక్రి, సిరి ఒక దగ్గర కూర్చున్నారు. ఆంటీ కిటికీ పక్కన ఒక్కతే, పక్క సీటు ఖాళీ. అందరూ ఎక్కేశారు, హైమ ఒక్కతే నిలబడి ఉంది. ఆంటీ పక్క సీటు మీదున్న సంచిని తీసి ఒళ్ళో పెట్టుకుంది. హైమ చూసింది. చూసి, నాకు వెనక కూర్చుంటే వాంతులొస్తాయి అని డ్రైవరు పక్కకి పోయి, చెవుల్లో పాటలు పెట్టుకుంది. హైమకి ప్రయాణంలో వాంతులు ఎప్పుడూ రాలేదు.

వాంతులు వచ్చింది ఒక్కసారే, సిరి కడుపులో ఉన్నప్పుడు. అమ్మకి వీసా ఆలస్యమైంది, కాన్పు ముందే వచ్చింది, ఇంటికొచ్చేసరికి చక్రికి పాలు కాచడం కూడా సరిగా రాదు. అప్పటికి సరిగా పరిచయం కూడా లేని ఈ విమల ఆంటీ, స్కూలు పని చూసుకుని రెండు బస్సులు మారి, పదకొండు రోజులు వచ్చింది. బిడ్డని కాళ్ళమీద బోర్లా వేసుకుని నీళ్ళు పోసేది. హైమకి మొదటి ముద్ద కారప్పొడి, నెయ్యి. వేడన్నంలో వెల్లుల్లి వాసన. నువ్వు తినకపోతే బిడ్డకి పాలెక్కడివి అని కసిరేది. హైమ ఏడుస్తూ తినేది, ఎందుకు ఏడుస్తోందో తెలియకుండానే. ఆ బిడ్డే ఇప్పుడు వెనక సీట్లో కూర్చుని ఫైరింజన్ ఆంటీ అంటోంది. ఆ పేరు దినేశ్ పెట్టాడు, కిరణ్మయి వాళ్ళాయన, పోర్చుగల్ నుంచి తిరిగొస్తూ ఎయిర్‌పోర్టులో. అందరూ నవ్వారు, ఆంటీ కూడా నవ్వింది. తర్వాత బతుకమ్మకో దీపావళికో ఎక్కడ కలిసినా, ఎవరింట్లో పొయ్యి ముట్టించినా, ఆంటీ దూరంగా ఉండండి అని ఒక జోకు. రెండేళ్ళలో ఆవిడ వంటింటి వైపు రావడం తగ్గించింది. పోయిన దీపావళికి కుర్చీలు సర్దుతూ కనిపించింది. అందరికీ వండిపెట్టిన మనిషి కుర్చీలు సర్దుతోంది. హైమ అది చూసి ఇంకో గదిలోకి పోయింది.

అద్దం మీద ఎవరో వేలితో కొట్టారు. విమల ఆంటీ. తలకి స్కార్ఫు, చేతిలో సంచి. హైమ అద్దం దించింది.

"లోపలికి రాకుండా ఇక్కడ కూర్చున్నావేంటి అమ్మాయ్? చలి కదా."

"ఏదో బుకింగ్ ఆంటీ. చూసుకుంటున్నా."

"మెక్సికో అంట కదా. సిరి చెప్పింది." ఆవిడ గొంతులో నిష్ఠూరం కోసం వెతికింది హైమ, దొరకలేదు. "పిల్లలు అక్కడ తింటారో తినరో అని ఇవి చేశా." సంచిలోంచి నాలుగు పొట్లాలు తీసి కిటికీలోంచి ఒళ్ళో పెట్టింది. ఒక్కో దాని మీద ఒక్కో ఇంటి పేరు, బడిలో పిల్లలకి దిద్దబెట్టే గుండ్రటి అక్షరాలతో. "అటుకుల పులిహోర. చింతపండు పొడి చేసి కలిపేశా, తాలింపు కూడా పెట్టేశా. కెటిల్లో వేడినీళ్ళు పోసి మూత పెడితే సరి. ఏదీ వెలిగించక్కర్లేదు."

"ఎందుకాంటీ ఇంత శ్రమ..."

"శ్రమేముంది. నీ దాంట్లో ఇంగువ కాస్త ఎక్కువేశా, నీకిష్టం కదా. సరే, పదకొండుంపావు బస్సు, పోవాలి."

రోడ్డు దాటి బస్‌స్టాప్ గూడు కింద నిలబడింది. హైమ అద్దం ఎత్తింది. కారు నిండా వాసన కమ్ముకుంది, ఆ గది వాసన, ఆ పొద్దున వాసన. నీకిష్టం కదా. ఆవిడ ముందు హైమ ఎప్పుడూ ఇంగువ ఇష్టమని చెప్పలేదు, బాలింతగా ఉన్నప్పుడు అసలు ఇంగువ పెట్టలేదు. ఆవిడకి ఇంకెక్కడ తెలుస్తుంది? రెండేళ్ళుగా తెలిసే ఉందని హైమకీ తెలుసు, కానీ తెలుసని తెలియడం వేరు, అది పొట్లం కట్టి ఒళ్ళో పెట్టడం వేరు. నాలుగు పొట్లాలు, నాలుగు ఇళ్ళ పేర్లు, ఐదోది లేదు. తనని పిలవలేదని తెలిసి, పిలవనివాళ్ళకి దారిబత్తెం కట్టింది. సిగ్గు అంటే మొహం ఎర్రబడటం అనుకునేది హైమ ఇన్నాళ్ళూ. ఇది అలా లేదు, ఒంట్లో ఎముకలన్నీ తీసేసినట్టుంది, సీట్లో నిటారుగా కూర్చోలేకపోతోంది. ఫోను ఇరవై మూడు అంటోంది. గ్రూపు తెరిచింది. ఒక విషయం చెప్పాలి అని రాసింది, చెరిపేసింది. ఆ రోజు హోటల్లో అని రాసింది, చెరిపేసింది. ఇంగ్లీషులో రాసి చూసింది, అందులో అయితే ఏదో ఆఫీసు తప్పులా చిన్నగా కనిపించింది, అందుకే అది కూడా చెరిపేసింది. ఆంటీకి ఒక్కదానికే ఫోన్ చేసి క్షమించమంటే పోలేదా అనుకుంది. అనుకున్న మరుక్షణం తెలిసింది, అది కూడా దాక్కోవడమే. నింద అందరి ముందూ పడింది, దాన్ని ఒక్కరి చెవిలో తీసేయడం ఎలా కుదురుతుంది.

తుంపరలోకి దిగి డిక్కీ తెరిచింది. నీలం సూట్‌కేసు జిప్ లాగింది, హాయిగా వచ్చేసింది జిప్. లోపల గుడ్డ మీద నల్లగా, గుండ్రంగా, అప్పడమంత మచ్చ. అంచులు ముడుచుకుని గట్టిపడి ఉన్నాయి. ఫోటో తీసింది. గ్రూపులోకి విమల ఆంటీని ముందు చేర్చింది, ఎందుకంటే తర్వాత చేరిస్తే వెనకటివి కనపడవు, ఇది ఆవిడకి కనపడాలి. ఫోటో పెట్టింది. పోర్చుగల్ హోటల్లో వండింది నేను. ఆంటీ కాదు. స్టవ్ నా సూట్‌కేసులో దాచాను. ఆంటీ నా కోసం సారీ చెప్పారు, నేను నోరు మూసుకున్నాను. వీసా గురించి కూడా అబద్ధం చెప్పాను. నన్ను క్షమించండి ఆంటీ. పంపేసింది. డిక్కీ మూయడం కూడా మర్చిపోయి అక్కడే నిలబడింది. ఇక తిడతారు, కిరణ్మయి ఫోన్ చేసి అరుస్తుంది, చక్రి మొహం ఎలా చూడాలి. తిట్ల కోసం నిజంగానే ఎదురుచూసింది, అవి పడితే ఈ బరువు కాస్త దిగుతుందని.

మొదట వచ్చింది నవ్వే బొమ్మ. తర్వాత ఇంకోటి, తర్వాత వరసగా ఐదు. ఓసి నీ దుంపతెగ, నువ్వా అని కిరణ్మయి. భలే దాచావు హైమా, సినిమా తీయొచ్చు అని దినేశ్. సో క్యూట్ అని అపూర్వ, ఇంకో ఇంటామె, ఆ మాట దేనికైనా అంటుంది. చక్రి మాత్రం ఒక్క ప్రశ్నార్థకం పెట్టి ఊరుకున్నాడు. రెండు నిమిషాల్లో అయిపోయింది. ఎవరూ తిట్టలేదు. అదే పని ఆంటీ చేసిందనుకున్నప్పుడు ఆవిడకి ఒక పేరు పెట్టారు, పొయ్యి దగ్గరికి రానివ్వలేదు, ప్రయాణంలోంచి తీసేశారు. హైమ చేసిందని తెలిస్తే అది ముచ్చటగా ఉంది. ఆంటీకి సారీ అని ఒక్కరూ రాయలేదు. ఇలాంటి నవ్వే బొమ్మల్లో మొదటి మూడూ పోయిన నెలలో తను పెట్టినవే. తల ఎత్తి చూస్తే రోడ్డవతల ఆంటీ ఫోనుని చెయ్యి చాపినంత దూరంలో పట్టుకుని, కళ్ళు చికిలించి చదువుతోంది. చదవడం అయ్యాక సంచిలో పెట్టేసింది. ఇటు చూడలేదు.

హైమ రోడ్డు దాటింది.

"చదివాను," అంది ఆంటీ, బస్సు వచ్చే వైపు చూస్తూ. "అందర్లో ఎందుకమ్మా ఇప్పుడు? అయిపోయిందేగా."

"మీకు తెలుసు కదా ఆంటీ. ఆ రోజే."

"నీ చున్నీ నిండా ఇంగువ. వంటింట్లో బతికేదాన్ని, నాకు తెలీదా? నువ్వు అన్నం గురించి అందరి ముందూ అంత మాట అనేశావు. ఆ నోటితోనే నేనే వండానని చెప్పుకోవాలంటే చచ్చినంత పని నీకు. నాదేముంది, ముసల్దాన్ని, నన్నెవరేమనుకుంటే ఏం అని..."

"తిట్టండి ఆంటీ. ఏదో ఒకటి అనండి."

"తిట్టేదానికేముంది." ఆవిడ స్కార్ఫు ముడి విప్పి మళ్ళీ కట్టుకుంది. దూరంగా మలుపులో బస్సు కనిపించింది. "ఆ మేనేజరు అన్నవి నాకు సగం అర్థమే కాలేదు. వీళ్ళ జోకులంటావా, పోనీలే. బస్సులో మాత్రం... నువ్వొచ్చి కూర్చుంటావనుకున్నా. సంచి తీసి చోటు కూడా పెట్టా. నువ్వేం చెప్పక్కర్లేదు, ఊరికే కూర్చుంటే చాలనుకున్నా. నువ్వు ముందుకెళ్ళిపోయావు."

అప్పుడు మొదటిసారి ఆవిడ కళ్ళలో నీళ్ళు చూసింది హైమ. బస్సు వచ్చి ఆగింది. ఆంటీ కార్డు తాకించి లోపలికి పోయింది. హైమ పేవ్‌మెంట్ మీద నిలబడిపోయింది, చేతిలో ఫోను తొమ్మిది నిమిషాలు అంటోంది, రోడ్డవతల కారు డిక్కీ తెరిచి ఉంది, సూట్‌కేసు తడుస్తోంది. కిటికీలోంచి ఆంటీ కనిపించింది. మూడో వరసలో కిటికీ పక్కన కూర్చుంది, సంచి పక్క సీటు మీద పెట్టింది. హైమ ఆ సంచినే చూస్తోంది. పెట్టాలి కదా మరి, ఎన్నిసార్లని చోటుంచుతుంది ఎవరైనా. డ్రైవరు అద్దంలోంచి హైమ వంక చూశాడు, ఎక్కుతావా లేదా అన్నట్టు. సిరి బడి ఇంకో పావుగంటలో వదుల్తారు. ఒక్క స్టాపు వెళ్ళి పరుగెత్తుకొచ్చినా అందుకోవచ్చు, కాస్త ఆలస్యమైతే టీచరు ఉంటుంది. హైమ ఎక్కింది. కార్డు తాకించింది. మూడో వరస దగ్గర నిలబడి, కూర్చోమని ఎవరైనా అంటారేమో అన్నట్టు కడ్డీ పట్టుకుంది.

బస్సు కదిలింది. ఆంటీ తలతిప్పి చూసింది, చూసి మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. ఆ పెద్ద రౌండబౌటు చుట్టూ బస్సు తిరుగుతుంటే సంచి జారబోయింది. ఆవిడ పట్టుకుని ఒళ్ళో పెట్టుకుంది. హైమ కూర్చుంది. భుజం భుజానికి తగిలింది, ఆంటీ కోటుకి బడిలో కాచిన పాల వాసన. ఫోను చేతిలో ఒకసారి వణికింది, మీ సమయం అయిపోవస్తోంది అని. హైమ దాన్ని తిప్పి బోర్లా పెట్టుకుంది. స్టాపు దగ్గరపడింది, దిగాలి, హైమ లేవలేదు.

"అంత చిన్న స్టవ్ ఎక్కడ దొరికిందమ్మాయ్ నీకు?" అంది ఆంటీ, కిటికీలోంచి బయటికి చూస్తూనే.

"ఇల్ఫర్డ్‌లో, ఆంటీ," అంది హైమ.